జుట్టు రాలితే బోరు నీళ్లనుకున్నాం

క్యాజువాలిటీలో ఆ అమ్మాయి తల్లి నా చేతికి ఒక క్యారీబ్యాగు ఇచ్చింది. పాత రిపోర్టులేమో అనుకొని తెరిచాను. లోపల జుట్టు. గుప్పెడు కాదు, సంచి సగం నిండింది. “నాలుగు రోజులది సారూ. దువ్వెన పెట్టనే లేదు. దిండు మీద పడ్డదే ఏరి పెట్టిన” అంది. సంగతేంటో నాకు అక్కడికక్కడే అర్థమైంది. ఎనిమిది రోజుల ముందే అర్థం కావాల్సింది.

ఇది 2019 నాటి కేసు. ఆ అమ్మాయి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. అంకెలు, మందులు, నా పొరపాట్లు మార్చలేదు.

వయసు 24. పాలమూరు వైపు ఊరు. అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతోంది. బరువు 49 కిలోలు. రెండేళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొర పుండు పడే జబ్బు. రోజుకు ఏడెనిమిది సార్లు రక్తం, జిగురుతో విరేచనాలు. కొలనోస్కోపీలో పేగంతా ఎర్రగా వాచి ఉంది. గొట్టం తగిలితే చాలు, రక్తం వస్తోంది. మెసాలమీన్ మాత్రలు రోజుకు 4 గ్రాములు, రాత్రిపూట ఎనీమా. అవి సరిపోలేదు. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ 40 మి.గ్రా. ఇస్తే వారంలో మనిషి మామూలైంది. తగ్గిస్తూ తగ్గిస్తూ 10 మి.గ్రా. దగ్గరికి వచ్చేసరికి మళ్లీ రక్తం. ఏడాదిలో రెండుసార్లు ఇదే తంతు.

స్టెరాయిడ్ లేకపోతే నిలబడని జబ్బును ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మీద నడపలేం. ముఖం ఉబ్బడం, మొటిమలు పైకి కనిపించేవి. ఎముక, కన్ను, షుగరు తర్వాత బయటపడేవి. దాని చోట మెల్లగా పనిచేసే మందు ఒకటి కావాలి. మన దగ్గర ఆ మందు చాలాసార్లు అజాథయోప్రిన్. బయోలాజికల్ ఇంజెక్షన్లతో పోలిస్తే దీని ఖర్చు ఖర్చే కాదు. పని మొదలుపెట్టడానికి రెండు మూడు నెలలు తీసుకుంటుంది. ఆలోగా స్టెరాయిడ్‌ను కొద్దికొద్దిగా దింపుకుంటూ వస్తాం.

మొదలుపెట్టే ముందు, ఈ మందు ఒంటికి పడుతుందో లేదో చెప్పే టీపీఎంటీ జన్యు పరీక్ష చేయించాను. అది చేయించడమే పెద్ద జాగ్రత్త అని అప్పటి నా నమ్మకం. రిపోర్టు నార్మల్. తెల్లకణాలు 11,400, స్టెరాయిడ్ వాడేవాళ్లకు కాస్త ఎక్కువే ఉంటాయి. అజాథయోప్రిన్ 50 మి.గ్రా. రోజుకు ఒకటి రాసి, 14వ రోజున సీబీపీ, అంటే రక్తకణాలు లెక్కపెట్టే పరీక్ష, చేయించమన్నాను. “నీ అంతట నువ్వు మాత్ర ఆపొద్దమ్మా, ఏదైనా ఉంటే ఫోన్ చెయ్యి” అని కూడా చెప్పాను. కాస్త తగ్గగానే మందు మానేసి మళ్లీ రక్తంతో వచ్చేవాళ్లను చూసి చూసి, ఆ మాట ప్రతివాళ్లకీ గట్టిగానే చెప్తాం. ఆ అమ్మాయి దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది.

ఇరవై ఆరు రోజులు

పద్నాలుగో రోజు లష్కర్ బోనాల ముందురోజు అయింది. ల్యాబ్ నుంచి రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. ఇంటి నిండా చుట్టాలు, వీధిలో మైకులు. ఫోన్ తెరిచి చూశాను: తెల్లకణాలు 6,100. ల్యాబ్ వాళ్లు పక్కన వేసిన హద్దుల్లోనే ఉంది. ఎర్ర గీత కూడా లేదు. ‘100 చేసుకో’ అని మెసేజ్ పెట్టి ఫోన్ జేబులో వేసుకున్నాను.

6,100 నార్మలే. కానీ రెండు వారాల్లో 11,400 నుంచి అక్కడికి దిగింది. ఆ మధ్యలో స్టెరాయిడ్ 30 నుంచి 20కి దించాం, అంతే. ఆ కాస్త తగ్గింపుకు కణాలు దాదాపు సగం పడిపోవు. పైగా ఇంకా 20 మి.గ్రా. స్టెరాయిడ్ మీద ఉన్న మనిషి. ఆ మందే లేకపోతే అంకె ఇంకా కిందే ఉండేది. నేను అంకె చూశాను, అది జారుతున్న తీరు చూడలేదు. పాత రిపోర్టు పక్కన పెట్టుకొని చూసి ఉంటే డోసు పెంచే బదులు నాలుగు రోజుల్లో మళ్లీ సీబీపీ చేయమనేవాణ్ణి.

18వ రోజు క్లినిక్‌కి ఫోన్ చేసింది. జుట్టు బాగా రాలుతోందట. సాయంత్రం నేనే తిరిగి చేశాను. “హాస్టల్లో మంజీరా నీళ్లా, బోరు నీళ్లా?” అని అడిగాను. “ఎండాకాలం నుంచి బోరు, ట్యాంకరే సార్” అంది. ఇంకేముంది! హైదరాబాద్‌లో జుట్టు రాలుతోందని ఎవరికి చెప్పినా ముందు అడిగేది నీళ్ల గురించే. దానికి తోడు రక్తహీనత, స్టెరాయిడ్, పరీక్ష టెన్షన్. కారణాలు వరసగా నిలబడ్డాయి. ఐరన్ మాత్రలు మానొద్దని చెప్పి పెట్టేశాను. రెండు నిమిషాలు కూడా మాట్లాడి ఉండను.

తోటి డాక్టర్లు ఇక్కడ ఒక్క విషయం చూడాలి. జ్వరం వల్లో, ఒంట్లో సత్తువ తగ్గో జుట్టు రాలితే, అది ఆ దెబ్బ తగిలిన రెండు మూడు నెలలకు మొదలవుతుంది. కొద్దికొద్దిగా, దువ్వెనకు వస్తుంది. కొత్త మందు మొదలుపెట్టి మూడు వారాలు నిండకుండానే, లాగకుండానే కుచ్చులుగా వస్తోందంటే ఆ తీరే వేరు. క్యాన్సర్ మందులు ఎక్కించుకున్నవాళ్లకు రాలినట్టు రాలడం అది. వెంట్రుక మొదట్లో ఉండే కణాలు, ఎముక మజ్జలో ఉండే కణాలు రెండూ ఒళ్లంతటిలో తీరిక లేకుండా విభజన చెందేవి. ఒకదాన్ని కొట్టే మందు రెండోదాన్ని వదలదు. జుట్టు పైకి కనిపిస్తుంది, మజ్జ కనిపించదు. ఆ రోజు ఆ అమ్మాయి ఫోన్‌లో చెప్పింది తన మజ్జ సంగతి. నేను విన్నది బోరు నీళ్ల సంగతి.

23వ రోజు జ్వరం, గొంతు నొప్పి, నోరంతా పుండ్లు. తండ్రి వచ్చి ఊరికి తీసుకుపోయాడు. అక్కడ ఒక నర్సింగ్‌హోమ్‌లో చేర్చారు. తెల్లకణాలు 1,100, ప్లేట్‌లెట్లు 78,000. వానాకాలం, 102 జ్వరం, రెండు కౌంట్లూ తక్కువ. డెంగీ అనుకున్నారు. డెంగీ పరీక్ష ఎన్ఎస్1 నెగటివ్ వచ్చినా, ఒక్కోసారి అలా వస్తుందిలే అని సెలైన్ ఎక్కించారు. వాళ్లను తప్పుపట్టను. మందుల చీటీ చూడకపోతే నేనైనా అదే అనుకునేవాణ్ణి. తర్వాత వెనక్కి తిరిగి చూస్తే తేడాలు కనిపిస్తాయి: డెంగీలో రక్తం చిక్కబడుతుంది, ఈమెకు హిమోగ్లోబిన్ పడిపోతోంది, డెంగీకి తెల్లకణాలు తగ్గుతాయి గానీ వాటిలో క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ ఇలా తుడిచిపెట్టుకుపోవు, డెంగీలో నోట్లో ఇన్ని పుండ్లు లేవవు.

ఆ మూడు రోజులూ నర్సింగ్‌హోమ్ మంచం మీద ఉండి కూడా ఆ అమ్మాయి తన బ్యాగులోంచి రోజూ రెండు అజాథయోప్రిన్ మాత్రలు తీసి వేసుకుంది. ఆపొద్దని నేను చెప్పాను మరి.

వార్డులో

26వ రోజు మా దగ్గరికి తీసుకొచ్చారు. తెల్లకణాలు 600. వాటిలో నూటికి ఏడే న్యూట్రోఫిల్స్. అంటే మైక్రోలీటరుకు 42. అయిదు వందల కంటే కిందికి దిగితేనే మేం కంగారు పడతాం. హిమోగ్లోబిన్ 6.9, ప్లేట్‌లెట్లు 41,000. బీపీ 84/50. మాట్లాడుతుంటే పెదవుల నుంచి రక్తం చెమరుస్తోంది.

అజాథయోప్రిన్ ఆపేశాం. బ్లడ్ కల్చర్ తీసి గంటలోపే పైపరాసిలిన్-టాజోబాక్టమ్ అనే యాంటీబయాటిక్ మొదలైంది. ఎనిమిది నెలలుగా స్టెరాయిడ్ వాడుతున్న మనిషి కాబట్టి ఒంట్లో తయారయ్యే సొంత స్టెరాయిడ్, కార్టిసాల్, నిద్రపోయి ఉంటుంది. ఇన్ఫెక్షన్ వచ్చింది కదా అని స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే బీపీ ఇంకా పడిపోతుంది. హైడ్రోకార్టిసోన్ ఐవీలో ఇచ్చాం. మెసాలమీన్ ఎనీమా మాన్పించాం. న్యూట్రోఫిల్స్ లేనప్పుడు మలద్వారం దగ్గర చిన్న గీత పడినా అక్కడి క్రిములు రక్తంలోకి పోతాయి. తెల్లకణాలను పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ 300 మైక్రోగ్రాములు రోజూ చర్మం కింద. రెండు యూనిట్ల ప్యాక్డ్ సెల్స్, అంటే ఎర్రకణాలు. ప్లేట్‌లెట్లు 19,000కి దిగినప్పుడు ఒక ఎస్‌డీపీ, అంటే ఒకే దాత నుంచి తీసిన ప్లేట్‌లెట్ల సంచి.

రెండో రోజు కల్చర్లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా పెరిగింది, యాంటీబయాటిక్ మెరోపెనెమ్‌కి మార్చాం. అయిదో రోజు బీపీ పడిపోకుండా ఇస్తున్న మందులు తీసేశాం. జ్వరం తగ్గినా కణాలు మాత్రం కదల్లేదు. ఈ మందు దెబ్బ తగిలితే మాత్ర ఆపిన మర్నాడే మజ్జ లేచి కూర్చోదు. రోజూ పొద్దున్నే రిపోర్టు కోసం ఎదురుచూడటం: 42, 30, 30, 50. ఎనిమిదో రోజు మజ్జ పరీక్ష చేద్దామా అని హెమటాలజీ వాళ్లు అడిగారు, రెండు రోజులు ఆగుదామన్నాం. పదకొండో రోజు 620. పదమూడో రోజు 1,900. పదిహేడో రోజు ఇంటికి పంపాం. అప్పటికి తల మీద ఒక్క వెంట్రుక లేదు. వార్డులో ఉన్నన్నాళ్లూ ఆ అమ్మాయి ఏడ్చింది జుట్టుకోసమే. చావు దగ్గరికి వెళ్లొచ్చావని నేను చెప్పలేదు, తనూ అడగలేదు.

చాట, చెయ్యి

తండ్రి వ్యవసాయం చేస్తాడు. ఆయన అడిగింది సూటి ప్రశ్న: “ఇదే మాత్ర అందరూ వాడుతున్నరు గద సారూ, మా పిల్లకే ఎందుకిట్లయింది?” నేను చెప్పిన జవాబును ఇక్కడ కాస్త విడమర్చి రాస్తాను.

అజాథయోప్రిన్ ఒంట్లోకి వెళ్లాక మెర్కాప్టోప్యూరిన్ అవుతుంది. అది ఇంకొన్ని మెట్లు దాటి థయోగ్వానిన్ రూపాల్లోకి మారుతుంది. డీఎన్ఏలో ఉండే నాలుగు అక్షరాల్లో గ్వానిన్ ఒకటి, దానికి నకిలీ ఇది. విభజన చెందుతున్న కణం డీఎన్ఏ నకలు రాసుకుంటూ అసలు గ్వానిన్ చోట నకిలీని పెట్టేసుకుంటే ఆ కణం తర్వాత బతకదు. పేగు మీద దాడి చేస్తున్న తెల్లకణాలను తగ్గించడానికి మనం వాడుకునేది ఈ గుణాన్నే. ఈ మందుల కుటుంబాన్ని తయారుచేసిన గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లకు 1988లో నోబెల్ వచ్చింది. మొదట లుకేమియా కోసం చేసిన మందులు ఇవి; పేగు జబ్బుకు తర్వాత వచ్చాయి.

నకిలీ సరుకు మోతాదు మించకుండా ఒంట్లో రెండు చోట్ల కాపలా ఉంటుంది. బియ్యం వండే ముందు మన ఇళ్లల్లో ఏం చేస్తారు? ముందు చాటలో చెరుగుతారు, తర్వాత రాళ్లు ఏరతారు. టీపీఎంటీ అనే ఎంజైము చాట లాంటిది. మొదట్లోనే మందులో కొంత భాగాన్ని పక్కదారి పట్టిస్తుంది. ఎన్‌యూడీటీ15, మేం నోటితో ‘నడ్ ఫిఫ్టీన్’ అంటాం, చివర్లో రాళ్లు ఏరే చెయ్యి. డీఎన్ఏలోకి ఎక్కడానికి సిద్ధంగా ఉన్న నకిలీ అక్షరాన్ని పట్టుకొని, దాని ఫాస్ఫేట్లు తుంచేసి, పనికిరాకుండా చేస్తుంది. చాట ఎంత బాగున్నా ఏరే చెయ్యి లేకపోతే రాళ్లు అన్నంలోకి వస్తాయి. ఈ అమ్మాయి విషయంలో జరిగింది అదే. చాట బాగుందని నాకు రిపోర్టు వచ్చింది. చెయ్యి సంగతి నేను అడగలేదు.

ఎందుకు అడగలేదంటే, మేం చదువుకున్న పుస్తకాలు ఐరోపా, అమెరికా పేషెంట్లను చూసి రాసినవి. టీపీఎంటీ తేడాలను 1980లో అమెరికాలో రిచర్డ్ వైన్‌షిల్‌బామ్ బృందం బయటపెట్టింది. అక్కడి జనంలో సుమారు 300 మందిలో ఒకరికి ఆ ఎంజైము దాదాపు పనిచేయదు. అక్కడ అదే ముఖ్యం, కాబట్టి అదే మనకూ వచ్చింది. కొరియాలో డాక్టర్లకు మాత్రం ఒక చిక్కు కనిపించింది: వాళ్ల పేషెంట్లకు టీపీఎంటీ లోపం అరుదు, కానీ అజాథయోప్రిన్‌తో తెల్లకణాలు పడిపోవడం ఎక్కువ. క్రోన్స్ అనే ఇంకో పేగు జబ్బు పేషెంట్ల జన్యువులన్నీ వెతికి, 2014లో ఎన్‌యూడీటీ15లో కారణం పట్టుకున్నారు. ఆ జన్యువులో 415వ అక్షరం సి ఉండాల్సిన చోట టి ఉంటుంది. దానివల్ల ప్రొటీన్‌లో 139వ స్థానంలో ఆర్జినిన్ బదులు సిస్టీన్ వచ్చి ఎంజైము నిలబడదు. ఐరోపా వాళ్లలో ఈ మార్పు నూటికి ఒకటి కూడా ఉండదు. తూర్పు ఆసియాలో వంద జన్యు ప్రతుల్లో సుమారు పది, మన దక్షిణాసియాలో సుమారు ఏడు.

ఈ ఏడు అనే అంకెతో ఒక లెక్క వేసుకోండి. ప్రతి మనిషికీ ఈ జన్యువు రెండు ప్రతులు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. నూటికి ఏడు ప్రతులు చెడ్డవైతే, ఒక్క చెడ్డ ప్రతి ఉన్నవాళ్లు నూటికి 13 మంది, రెండూ చెడ్డవైనవాళ్లు రెండు వందల్లో ఒకరు. పేగు జబ్బుల ఓపీ ఉన్న ఏ డాక్టరుకైనా రెండు వందల మంది ఎన్నాళ్లలో వస్తారో వేరే చెప్పక్కర్లేదు. నాకు ఈ సంగతులు కొత్తా అంటే కాదు. కొరియా పేపరు చదివాను. మీటింగుల్లో విన్నాను. జన్యువులను బట్టి మందుల మోతాదు చెప్పే సీపీఐసీ వాళ్లు 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో టీపీఎంటీ పక్కన ఎన్‌యూడీటీ15 కూడా చేరిందని తెలుసు. తెలిసినది నా చీటీ దాకా రాలేదు.

రిపోర్టు

కణాలు 600 ఉన్నప్పుడే ఎన్‌యూడీటీ15 పరీక్షకు రక్తం పంపాను. ల్యాబ్ నుంచి ఫోన్: డీఎన్ఏ చాలడం లేదు. ఆలోచిస్తే నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఎర్రకణాల్లో డీఎన్ఏ ఉండదు. రక్త పరీక్షకు డీఎన్ఏ దొరికేది తెల్లకణాల్లోంచి. అవే లేవు మరి. వార్డులో చేరిన 13వ రోజున మళ్లీ తీసి పంపాం. ఆరు రోజులకు వచ్చింది: టీటీ, అంటే రెండు ప్రతులూ మారినవే.

మా దగ్గర చేరిన ఒక జూనియర్, థయోగ్వానిన్ స్థాయిలు కొలిచే పరీక్ష ముందే చేసి ఉంటే తెలిసేదేమో అన్నాడు. తెలిసేది కాకపోవచ్చు. ఎర్రకణాల్లో కొలిచే ఆ పరీక్ష టీపీఎంటీ లోపంలో బాగా పట్టిస్తుంది. ఎన్‌యూడీటీ15 లోపంలో ఆ అంకె మామూలుగానే ఉండి కూడా మజ్జ దెబ్బతింటుంది, ఎందుకంటే తేడా అంతా చివరి మెట్టులో ఉంది.

రిపోర్టు చూశాక తల్లిదండ్రులను ఒక మాట అడిగాను, ముందే అడగాల్సింది. మేనరికమేనట. “మా మేనత్త కొడుకే సారూ ఈయన” అంది తల్లి, దాంట్లో వింత ఏముందన్నట్టు. మన దగ్గర వింత కాదు కూడా. కానీ లెక్క మారుతుంది. మేనబావ మరదళ్ల పిల్లలకు ఒకే పూర్వీకుల ప్రతి రెండువైపుల నుంచీ వచ్చే వీలు పదహారింట ఒకటి. ఆ లెక్కన రెండు చెడ్డ ప్రతులు ఉండే అవకాశం రెండు వందల్లో ఒకటి నుంచి దాదాపు వందలో ఒకటికి పెరుగుతుంది. సొంత మేనమామను చేసుకుంటే ఇంకా ఎక్కువ. ఇప్పుడు నా చీటీలో కుటుంబ చరిత్ర దగ్గర మేనరికమా కాదా అనే గడి ఒకటి ఉంది.

ఒక తమ్ముడు ఉన్నాడు, ఇంటర్ చదువుతున్నాడు. ఏ జబ్బూ లేదు. అయినా పరీక్ష చేయించాం. అతనికి రెండూ చెడ్డవయ్యే అవకాశం నాలుగింట ఒకటి, ఇదే మందు రేపు ఇంకో జబ్బుకు ఇంకో డాక్టరు రాయొచ్చు. లుకేమియా, కిడ్నీ మార్పిడి, కొన్ని చర్మ, కీళ్ల జబ్బులు, వీటన్నిటికీ ఈ కుటుంబం మందులు వాడతారు. అతనికి సీటీ వచ్చింది, ఒక్క ప్రతి మాత్రమే మారింది.

తర్వాత ఏమిచ్చాం

పేగు జబ్బు మాత్రం అలాగే ఉంది. స్టెరాయిడ్ తగ్గించగానే మళ్లీ రక్తం. మెథోట్రెక్సేట్ ఇవ్వొచ్చు కదా అని బంధువుల్లో ఒక ఫార్మసిస్టు అడిగాడు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే అనే మందుల కంపెనీలో నడిపిన పరిశోధన నుంచి వచ్చిన మందుల వరసలోది అది, నాకూ అభిమానమే. కానీ అల్సరేటివ్ కొలైటిస్‌ను అదుపులో ఉంచడంలో అది పెద్దగా నిలబడలేదు. పెళ్లి కావాల్సిన అమ్మాయికి, కడుపులో బిడ్డకు హాని చేసే మందు రాయడానికి మనసు రాలేదు.

బయోలాజికల్ ఇంజెక్షన్ ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనుకున్నాం. టీబీ దాగి ఉందేమో చూడకుండా దాన్ని మన దేశంలో ఎవరూ మొదలుపెట్టరు. కణాలు తక్కువగా ఉన్నప్పుడు టీబీకి చేసే ఇగ్రా రక్తపరీక్ష తేలకుండా వస్తుంది కాబట్టి మూడు వారాలు ఆగి చేయించాం, నెగటివ్. ఛాతీ ఎక్స్‌రే మామూలు. డబ్బు సర్దుకోవడానికి ఆ ఇంట్లో ఇంకో రెండు వారాలు పట్టింది. ఎలా సర్దారో తండ్రి చెప్పలేదు, నేను గుచ్చి అడగలేదు. కిలోకు 5 మి.గ్రా. చొప్పున సున్నా, రెండు, ఆరు వారాలకు, తర్వాత ఎనిమిది వారాలకోసారి. రెండో డోసుకే రక్తం ఆగింది. నాలుగో నెలకు స్టెరాయిడ్ పూర్తిగా మాన్పించాం. అలా మాన్పించిన రోజు తల మీద అంగుళం జుట్టు ఉంది, మునుపటి కంటే వంకీలు తిరిగి.

మామూలుగా ఇన్‌ఫ్లిక్సిమాబ్‌తో పాటు అజాథయోప్రిన్ కూడా ఇస్తాం, ఒళ్లు ఆ ఇంజెక్షన్ మీద యాంటీబాడీలు తయారుచేసుకోకుండా. ఈమెకు ఆ రక్షణ లేదు. అనుకున్నంతా అయింది. పద్నాలుగో నెలలో మందు పనిచేయడం తగ్గింది, యాంటీబాడీలు ఎక్కువగా వచ్చాయి. ఇందులోనూ జన్యువుల పాత్ర ఉంది. హెచ్ఎల్ఏ-డీక్యూఏ1*05 అనే జన్యు రకం ఉన్నవాళ్లకు ఈ యాంటీబాడీలు త్వరగా వస్తాయని బ్రిటన్‌లో జరిగిన పాంట్స్ అధ్యయనం 2020లో చెప్పింది. మా పేషెంటుకు ఆ పరీక్ష చేయించలేదు. చేయించినా మా దగ్గర అప్పుడున్న దారులు మారేవి కావు. అలాంటప్పుడు పరీక్ష ఖర్చు ఎందుకనేది నా వాదన. ఒప్పుకోని స్నేహితులు ఉన్నారు.

టోఫాసిటినిబ్ మాత్రలకు మార్చాం. రోజుకు రెండుసార్లు 10 మి.గ్రా., ఎనిమిది వారాలయ్యాక 5 మి.గ్రా. పేగు మళ్లీ మానింది. అయితే ఇది గర్భం వద్దనుకున్నప్పుడే వాడాల్సిన మందు. గర్భం వచ్చినా కొనసాగించదగ్గ మందుల్లో అజాథయోప్రిన్ ఉంది, అది ఈమెకు పనికిరాదు. పెళ్లి మాట వచ్చినప్పుడు ముందే చెప్పమన్నాను, అప్పుడు మందు మార్చుకుందామని.

ఇప్పుడు మా ఓపీలో

2020లో హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వాళ్లు 1,014 మంది పేగు జబ్బు పేషెంట్ల మీద చేసిన అధ్యయనం వచ్చింది. అజాథయోప్రిన్‌తో తెల్లకణాలు పడిపోతాయా లేదా అని ముందుగా చెప్పడంలో మనవాళ్లకు టీపీఎంటీ కంటే ఎన్‌యూడీటీ15 పరీక్షే మేలని తేలింది. మన ఊరి పేషెంట్లు, మన అంకెలు. నాకు ఆ పేపరు ఒక ఏడాది ఆలస్యంగా వచ్చినట్టనిపించింది. కానీ కొరియా పేపరు వచ్చిన అయిదేళ్లలో కదలనివాణ్ణి ఆలస్యం గురించి మాట్లాడకూడదు.

ఇప్పుడు మొదటి మాత్రకు ముందే ఎన్‌యూడీటీ15 పంపుతున్నాను. రిపోర్టు వచ్చేదాకా వారం రోజులు ఆగితే కొంప మునిగేదేమీ లేదు; ఎలాగూ ఈ మందు పనికి మూడు నెలలు కావాలి. టీటీ అయితే మాత్ర ముట్టుకోనివ్వను. సీటీ అయితే సగం మాత్ర, 25 మి.గ్రా.తో మొదలుపెట్టి, కణాలను చూసుకుంటూ పైకి వెళ్తాను. సీటీ వచ్చిన వాళ్లకు మందే వద్దనడం ఇంకో తప్పు. మూసాపేట నుంచి వచ్చే ఒక ఆటో డ్రైవరు సీటీనే, 50 మి.గ్రా. మీద మూడేళ్లుగా నిక్షేపంగా ఉన్నాడు. అందరిలాగా 125 రాసి ఉంటే అతనూ వార్డులో పడేవాడు.

సీసీ, అంటే రెండు ప్రతులూ మంచివే అని వచ్చినా సీబీపీ తప్పదు. కణాలు పడిపోయే ప్రతివాళ్లకీ ఈ జన్యువే కారణం కాదు. వైరస్ జ్వరాలున్నాయి, యూరిక్ యాసిడ్‌కు వేసుకునే అల్లోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్ ఉన్నాయి. అవి అజాథయోప్రిన్ విరిగే దారిని మూసేస్తాయి. కాలి బొటనవేలు నొప్పికి వీధిచివర మెడికల్ షాపులో తెచ్చుకున్న మాత్ర పేగు డాక్టరుకు చెప్పాలని ఎవరికి తోస్తుంది? అందుకే అడగాలి. మొదటి నెల వారానికోసారి, తర్వాత రెండు నెలలు పదిహేను రోజులకోసారి, ఆపైన మూడు నెలలకోసారి సీబీపీ. పాత రిపోర్టు పక్కన లేకుండా కొత్త రిపోర్టు చూడను. ఫోన్‌లో డోసు పెంచను.

క్లినిక్‌లో ఫోన్ ఎత్తే అమ్మాయికి ఒక కాగితం రాసిచ్చాను. ఈ మాత్ర వాడేవాళ్లు జ్వరం, గొంతు నొప్పి, నోటి పుండ్లు, జుట్టు రాలడం, ఈ నాలుగింట్లో ఏది చెప్పినా, నన్ను అడగకుండానే ‘ఇవాళే సీబీపీ చేయించండి, రిపోర్టు వచ్చేదాకా మాత్ర ఆపండి’ అని చెప్పాలి. ‘మీ అంతట మీరు ఆపొద్దు’ అని ఇప్పటికీ చెప్తాను. దాని వెనకాలే ఈ నాలుగూ చెప్తాను. అందులో సగం ఫోన్లు నిజంగా బోరు నీళ్లవే అవుతున్నాయి. కానివ్వండి.

మొన్నామధ్య తల్లీకూతుళ్లు వచ్చారు. జడ నడుం దాకా పెరిగింది. గ్రూప్స్ రాలేదు గానీ ఇంకో ఉద్యోగం వచ్చింది. సంబంధం కుదిరిందట. తల్లి అన్న కొడుకే, మళ్లీ మేనరికం. “ఆ పిల్లగానికి గూడ గా పరీక్ష చేయించమంటరా సారూ?” అని అడిగింది తల్లి. మాత్ర వేసుకుంటే తప్ప ఈ జన్యువు ఎవరినీ ఏమీ చేయదని, దానికోసం పెళ్లికి ముందు పరీక్ష అక్కర్లేదని చెప్పాను. మేనరికంలో వేరే జబ్బుల గురించి మాట్లాడే డాక్టరు దగ్గరికి ఇద్దరినీ పంపిస్తానని, టోఫాసిటినిబ్ సంగతి ముహూర్తానికి ముందే తేల్చుకుందామని కూడా చెప్పాను. అమ్మాయి తలూపింది. తల్లి ఇంకా ఆలోచిస్తోంది.

“అయితే ఆ మాత్రల పేర్లు తెలుగుల రాసియ్యి సారూ. రేపు పిల్లలైతే వాళ్లకు గూడ పనికొస్తది” అంది.

చీటీ వెనక రాసిచ్చాను: అజాథయోప్రిన్, మెర్కాప్టోప్యూరిన్, థయోగ్వానిన్. ఆమె ఒక్కోటీ కూడబలుక్కొని చదివి, మడతపెట్టి, రొండిన దోపుకుంది.